స్విచ్చి నొక్కగానే ముందు లేచేదెవరు?

విండోస్ తీసేసి లినక్స్ వేసుకున్న కుర్రాళ్లు గోదావరి జిల్లాల కాలేజీల్లో కనిపిస్తారు. దానికీ కింద, మదర్‌బోర్డు మీది చిప్పులో కూర్చున్న బయోస్‌ను కూడా మార్చుకోవచ్చని తెలిసినవాళ్లు తక్కువ. ఆ పని కుదరాలంటే మాత్రం తెలివంతా మిషన్ కొనేటప్పుడే చూపించాలి.

రాజమండ్రిలో సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు అమ్మే ఏ షాపు కౌంటర్ దగ్గరైనా కాసేపు నిలబడండి. బేరం ఒకే దారిలో నడుస్తుంది.

"ఐ5 అండి, ఎనిమిది జీబీ ర్యామ్. ఎస్‌ఎస్‌డీ కొత్తది వేసేశామండి."

"బ్యాటరీ ఎంతసేపొస్తుందండీ?"

"మూడు గంటలకి ఢోకా లేదండి. కంపెనీ పీసు. హైదరాబాద్‌లో ఐటీ ఆఫీసు నుంచి లాట్‌లో వచ్చింది."

కొనే కుర్రాడు కీబోర్డు టకటకలాడించి చూస్తాడు. వెంట వచ్చిన నాన్న ఇంకో ఐదొందలు తగ్గించమంటాడు. మిషన్ తిరగేసి, అడుగున అరిగిపోయిన స్టిక్కరు మీద మోడల్ నంబరు చదివేవాళ్లు అరుదు. ఈ కథనం ఆ నంబరు గురించి.

లోపలున్న బయోస్‌ను తీసేసి, ఎవరైనా చదవగల, దిద్దుకోగల ఓపెన్‌సోర్స్ ఫర్మ్‌వేర్ వేసుకోవచ్చా లేదా అన్నది తేల్చేది ఆ నంబరే. ఐ5, ఐ7 అన్న మాటలు తేల్చవు. కంపెనీ పేరూ తేల్చదు. ఒకే కంపెనీ, ఒకే షెల్ఫ్, పక్కపక్కనే ఉన్న రెండు మిషన్లు: ఒకదానికి కుదురుతుంది, రెండోదానికి తలకిందులుగా తపస్సు చేసినా కుదరదు.

లాకు దగ్గర లస్కరు

స్విచ్చి నొక్కిన క్షణానికీ, తెర మీద విండోస్ గుర్తు వెలిగే క్షణానికీ మధ్య కొన్ని సెకన్లుంటాయి. మొదట్లో ప్రాసెసర్‌కు ఏమీ తెలియదు. ర్యామ్ ఎంతుందో తెలియదు, డిస్క్ ఎక్కడుందో తెలియదు, తెర ఉందో లేదో కూడా తెలియదు. దానికి తెలిసిందల్లా ఒక్క చిరునామా. ఇంజినీరింగ్‌లో మైక్రోప్రాసెసర్ పేపర్ రాసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది: 8086కు రీసెట్ ఇస్తే ముందు ఎక్కడికి వెళ్తుంది అన్న ప్రశ్నకు 'ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్0' అని రాసేవాళ్లం. ఒక మెగాబైట్ హద్దుకు సరిగ్గా 16 బైట్ల ముందు. నేటి ఇంటెల్ ప్రాసెసర్లదీ అదే సంప్రదాయం, హద్దు మాత్రం 4 గిగాబైట్లకు జరిగింది. రెండు మార్కుల కోసం బట్టీపట్టిన ఆ చిరునామా అవతల ఏముందో చూపించిన ల్యాబ్ నాకైతే తారసపడలేదు.

అక్కడుండేది ఎనిమిది కాళ్ల చిన్న ఫ్లాష్ చిప్పు. బియ్యపు గింజకన్నా కాస్త పెద్దది. అందులో కొన్ని మెగాబైట్ల ప్రోగ్రాం. ర్యామ్‌ను నిద్రలేపి, తెరను వెలిగించి, డిస్కును వెతికి, ఆపరేటింగ్ సిస్టం చేతిలో పెట్టి తప్పుకోవడం దాని పని. ధవళేశ్వరం దగ్గర నీళ్లు ఎన్ని ఉన్నా లాకు దగ్గర లస్కరు తూము తలుపు ఎత్తితేనే బోదెలోకి దిగినట్టు, ఎంత గొప్ప ప్రాసెసరైనా ఈ ప్రోగ్రాం వదిలితేనే కదులుతుంది.

ఆ ప్రోగ్రాం రాసేదెవరు? ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింతని కట్టి కూర్చున్న తరానికి ఒక పేరు గుర్తుండాలి. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు: అమెరికన్ మెగాట్రెండ్స్. 1985లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఆ కంపెనీని మొదలుపెట్టినవాళ్లలో సుబ్రమణియన్ శంకర్ మనదేశం మనిషే. చెన్నైలో వాళ్ల ఇంజినీర్లు ఇప్పటికీ పెద్ద సంఖ్యలో పనిచేస్తున్నారు. ఫీనిక్స్, అవార్డ్ అని ఇంకో రెండు పేర్లు వినిపించేవి. దశాబ్దాలుగా ప్రపంచంలోని పీసీల్లో చాలావరకు లేచింది ఇలాంటి కొద్ది కంపెనీలు రాసిన, బయటివాళ్లు చదవడానికి వీల్లేని ప్రోగ్రాంలతోనే.

దీన్ని కాదన్న మొదటి గట్టి ప్రయత్నం 1999లో, అణుబాంబు పుట్టిన లాస్ అలమోస్ ప్రయోగశాలలో జరిగింది. రాన్ మినిక్ అనే శాస్త్రవేత్తకు మామూలు పీసీలను గుంపుగా కలిపి నడిపే పని. ఒక్కో మిషన్ బయోస్ 'కీబోర్డు లేదు' అని మొండికేస్తే వందల మిషన్ల దగ్గరికి వెళ్లి కీబోర్డు ఎవరు తగిలిస్తారు? బయోస్‌ను పక్కనపెట్టి నేరుగా లినక్స్‌నే లేపితే పోలేదా అన్నది ఆయన ఆలోచన. అలా పుట్టిన లినక్స్‌బయోస్ 2008లో కోర్‌బూట్‌గా పేరు మార్చుకుంది. ఈ రోజు క్రోమ్‌బుక్‌లు ఫ్యాక్టరీ నుంచే కోర్‌బూట్‌తో వస్తున్నాయి. దాన్నే మామూలు మనిషి వేసుకోగలిగేలా సిద్ధం చేసి అందించే కూర్పు లిబ్రెబూట్. బ్రిటన్‌కు చెందిన లియా రో మొదలుపెట్టారు. 2013 చివర్లో థింక్‌ప్యాడ్ ఎక్స్60 మీద అది నిలబడింది.

తెలుగునాట స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మాట ఎత్తగానే గుర్తొచ్చేది 'స్వేచ్ఛ' సంస్థ. 2005లో తెలుగులో ఆపరేటింగ్ సిస్టం తెచ్చింది వాళ్లే. కాలేజీల్లో లినక్స్ బృందాలు వాళ్ల చలవే. కానీ ఆ ఉద్యమం ఎక్కువగా ఆపరేటింగ్ సిస్టం దగ్గర, భాష దగ్గర నడిచింది. పునాది గది తాళం తీసే పని మన దగ్గర ఇంకా పెద్దగా మొదలుకాలేదు.

ఏం కొంప మునిగిందని?

విండోస్ బానే లేస్తోంది కదా, బయోస్‌తో మనకేంటి పేచీ అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే.

2012 నాటి థింక్‌ప్యాడ్ ఎక్స్230 కొన్నారనుకోండి. లోపలి వైఫై కార్డు పాతది, నెమ్మది. కొత్త కార్డు తెచ్చి తగిలించారు. స్విచ్చి నొక్కితే '1802' అని ఒక ఎర్రర్: అనుమతి లేని నెట్‌వర్క్ కార్డు పెట్టారు, తీసేయండి. కార్డు మంచిదే, స్లాటూ సరైనదే. బయోస్‌లో కంపెనీ రాసిపెట్టిన జాబితాలో దాని పేరు లేదు, అంతే. డబ్బు పెట్టి కొన్న మిషన్‌లో ఏ కార్డు పెట్టుకోవాలో అమ్మినవాడు నిర్ణయించడం ఇది. కోర్‌బూట్ వేస్తే ఆ జాబితా పోతుంది.

2015లో ఇంకో సంగతి బయటపడింది. లెనోవో కొన్ని మోడళ్ల బయోస్‌లో పెట్టిన ఒక ప్రోగ్రాం, యజమాని డిస్కంతా చెరిపి విండోస్ కొత్తగా వేసుకున్నా మళ్లీ తమ సాఫ్ట్‌వేర్‌ను అందులోకి దింపేది. గోల జరిగాక తీసేశారు. 2023 డిసెంబరులో లోగోఫెయిల్ అని మరొకటి: స్విచ్చి నొక్కగానే కనిపించే కంపెనీ బొమ్మ ఉంటుందే, ఆ బొమ్మను చదివే కోడ్‌లోని లోపాల గుండా దొంగ ప్రోగ్రాం చొరబడొచ్చని పరిశోధకులు చూపించారు. కొత్త మోడళ్లకు మరమ్మతు ఇచ్చారు. పదేళ్ల కిందటి ల్యాప్‌టాప్‌కు బయోస్ అప్‌డేట్ ఎవరిస్తారు?

అన్నిటికన్నా పెద్ద తలనొప్పి ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజిన్. ప్రాసెసర్ పక్కనుండే చిప్‌సెట్‌లో ఇంకో బుల్లి కంప్యూటర్. 2006 ప్రాంతం నుంచి ఇంటెల్ మిషన్లలో ఉంటోంది. మెయిన్ ప్రాసెసర్ పడుకున్నా, ప్లగ్‌లో కరెంటు ఉంటే ఇది మేలుకుని ఉండగలదు. ఆఫీసులో ఐటీ విభాగం దూరం నుంచే మిషన్లను నడపడానికి ఏఎంటీ అనే సదుపాయం దీని మీదే పనిచేస్తుంది. 2017 మేలో ఇంటెల్ ఒప్పుకున్న లోపం వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు: పాస్‌వర్డ్ దగ్గర ఖాళీ జవాబు పంపితే ఏఎంటీ తలుపు తెరిచేసేది. ఆ సదుపాయం ఉండేది ఇంటెల్ వీప్రో బ్యాడ్జి ఉన్న బిజినెస్ ల్యాప్‌టాప్‌లలో. ఐటీ కంపెనీలు వాడి, లాట్లుగా అమ్మేస్తే మన ఊరి షాపుకొచ్చే 'కంపెనీ పీసులు' ఎక్కువగా ఆ జాతివే.

దీన్ని మొత్తం చెరిపేద్దామంటే కుదరదు. 2008 తర్వాతి మిషన్లలో మేనేజ్‌మెంట్ ఇంజిన్ కోడ్ అసలు లేకపోతే అరగంటకల్లా కంప్యూటర్ దానంతటదే ఆగిపోతుంది. అలా కట్టారు. అందుకని ఎంఈ క్లీనర్ అనే పనిముట్టు మధ్యేమార్గం పట్టింది. లేవడానికి కావలసినంత ముక్కను ఉంచి మిగతాది కోసేస్తుంది.

ఏ నంబరు వెతకాలి?

పూర్తి పరిశుద్ధం కావాలనే పట్టింపు ఉంటే 2008 నాటి థింక్‌ప్యాడ్ ఎక్స్200, టీ400. వీటిలో మేనేజ్‌మెంట్ ఇంజిన్‌ను సమూలంగా పీకేయొచ్చు. కాకపోతే కోర్ 2 డ్యుయో ప్రాసెసర్, ఎనిమిది జీబీకి మించని ర్యామ్. రాసుకోవడానికి, కోడ్ నేర్చుకోవడానికి సరిపోతుంది. యూట్యూబ్ ఒక ట్యాబ్‌లో, బ్యాంకు సైటు ఇంకో ట్యాబ్‌లో తెరిస్తే ఫ్యాను రొద పెడుతుంది. అదే కాలపు డెల్ లాటిట్యూడ్ ఈ6400కు ఒక అరుదైన సుగుణం ఉంది. స్క్రూ కూడా విప్పకుండా, లినక్స్ నుంచే లిబ్రెబూట్ వేయొచ్చు. చెయ్యి వణికేవాళ్లకు అది మేలు.

నన్నడిగితే మధ్యతరగతి మనిషికి సరిపడేవి 2011, 2012 నాటి మిషన్లు: థింక్‌ప్యాడ్ ఎక్స్220, టీ420, ఎక్స్230, టీ430, డెల్ లాటిట్యూడ్ ఈ6430. పదహారు జీబీ దాకా ర్యామ్ పడుతుంది. విడిభాగాలు దొరుకుతాయి. ర్యామ్‌ను నిద్రలేపే కోడ్ సహా కోర్‌బూట్ సొంతంగా చేసుకుంటుంది, మేనేజ్‌మెంట్ ఇంజిన్‌కు కత్తెర పడుతుంది. 2013 నాటి టీ440పి మరో మెట్టు పైది, ప్రాసెసర్‌ను కూడా మార్చుకోవచ్చు.

ఆ ఏడాదే కథ అడ్డం తిరిగింది. ఇంటెల్ బూట్ గార్డ్ అనే తాళం తెచ్చింది. కంపెనీ సంతకం గుర్తును చిప్‌సెట్‌లో ఫ్యూజులుగా కాల్చేస్తారు. ఇక ఆ సంతకం లేని ఫర్మ్‌వేర్‌తో మిషన్ లేవదు. కాల్చిన ఫ్యూజును వెనక్కి తిప్పలేం. టీ440పి ఆ తాళం వేయకుండా వచ్చేసింది కాబట్టి మనకు దక్కింది. ఆ తర్వాతి బిజినెస్ మోడళ్లలో చాలావాటికి తాళం పడింది. షాపులో మెరుస్తూ కనిపించే ఇంటెల్ ఆరో తరం, ఏడో తరం ల్యాప్‌టాప్‌ల దగ్గర ఆశపడి డబ్బు పోసుకునేది ఇక్కడే.

ఒక మినహాయింపు ఉంది, అదీ మన బజార్లో విరివిగా దొరికే మోడలే: 2018 నాటి థింక్‌ప్యాడ్ టీ480. 2017 చివర్లో మేనేజ్‌మెంట్ ఇంజిన్‌లోనే ఇంకో పెద్ద లోపం బయటపడింది. అప్పట్లో అందరూ గుండెలు బాదుకున్నారు. ఆ లోపాన్నే పట్టుకుని, ఆ తరం మిషన్లలో బూట్ గార్డ్‌ను దాటే దారి మేట్ కుక్రి అనే డెవలపర్ కనిపెట్టారు. దాని పేరు డీగార్డ్. 2024 డిసెంబరులో లిబ్రెబూట్ టీ480కి వచ్చింది. ఏ బొక్కలోంచి దొంగ వస్తాడని భయపడ్డారో, ఏడేళ్ల తర్వాత అదే బొక్కలోంచి యజమాని తన ఇంట్లోకి దూరాడు. టీ480లో ఒక మెలిక: దాని థండర్‌బోల్ట్ పోర్టు ఫర్మ్‌వేర్‌లో తెలిసిన జబ్బు ఒకటుంది, వదిలేస్తే కొన్నాళ్లకు ఆ పోర్టు సరిగా పనిచేయదు. విండోస్ ఉండగానే దాని అప్‌డేట్ వేసుకుని, తర్వాతే లిబ్రెబూట్ జోలికి వెళ్లాలి.

డెస్క్‌టాప్ చాలనుకుంటే డెల్ ఆప్టిప్లెక్స్ 9020. ఆఫీసుల నుంచి తుక్కు కింద వచ్చేవాటిలో ఇది కనబడుతుంటుంది. మదర్‌బోర్డు మీద సర్వీసు జంపర్ ఒకటి పెడితే లినక్స్ నుంచే కొత్త ఫర్మ్‌వేర్ రాయొచ్చు.

రాస్ప్‌బెర్రీ పైని చాలామంది కుర్రాళ్లు ఓపెన్ అనుకుంటారు. దాని మీద నడిచే లినక్స్ ఓపెనే. మొట్టమొదట లేచే కోడ్ మాత్రం ముందు నుంచీ మూసిన పెట్టెలోనే ఉంది.

బీరువాలో క్రోమ్‌బుక్

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు ఇళ్లల్లో అమెరికా నుంచి కొడుకో అల్లుడో తెచ్చి వదిలేసిన క్రోమ్‌బుక్ బీరువాలో చీరల కింద ఉండే అవకాశం ఎక్కువ. 'అప్‌డేట్లు ఆగిపోయాయి' అన్న సందేశం వచ్చాక దాన్ని పక్కన పడేసి ఉంటారు. అది పనికిరానిదేం కాదు. అందులో ఉన్నది పుట్టుకతోనే కోర్‌బూట్. ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసరైతే, మిస్టర్‌క్రోమ్‌బాక్స్ పేరుతో దొరికే ఫర్మ్‌వేర్ వేసి మామూలు లినక్స్ ల్యాప్‌టాప్‌గా మార్చుకోవచ్చు. ఏఆర్ఎం ప్రాసెసర్లకు అది రాదు. పాత మోడళ్లలో మదర్‌బోర్డు మీద రాత నిషేధ స్క్రూ ఒకటి విప్పాలి, కొత్తవాటిలో చాలావరకు బ్యాటరీ కనెక్టర్ ఊడదీస్తే చాలు. కొన్నింటిలో స్పీకర్లు సతాయిస్తాయి కాబట్టి మీ మోడల్‌కు శబ్దం పనిచేస్తుందో లేదో ముందే చూసుకోవాలి.

కొత్తది కొనాలన్నా ఇదే అన్నిటికన్నా తేలిక దారి. హెచ్‌పీ, గూగుల్ కలిసి 2023 అక్టోబరు నుంచి చెన్నై దగ్గర ఫ్లెక్స్ ఫ్యాక్టరీలో క్రోమ్‌బుక్‌లు తయారు చేయిస్తున్నాయి. అమెరికాలో సిస్టమ్76, ప్యూరిజం, బ్రిటన్‌లో స్టార్ ల్యాబ్స్ ఓపెన్ ఫర్మ్‌వేర్‌తో మంచి ల్యాప్‌టాప్‌లే అమ్ముతున్నాయి. రవాణా, కస్టమ్స్ కలిపి చూసుకుంటే మనకు గిట్టుబాటు కాదు. చెడిపోతే మళ్లీ ఆ దేశాలకే పంపాలి.

టీవీ మెకానిక్ దగ్గరికి వెళ్లండి

మోడల్ దొరికింది. వేసేదెవరు? కంప్యూటర్ అమ్మినవాళ్లను అడిగితే 'వారంటీ పోతుందండి' అని ముఖం చిట్లిస్తారు. ఆ పని తెలిసినవాళ్లు వేరే వీధిలో ఉన్నారు. ఎల్ఈడీ టీవీ లోగో దగ్గరే ఆగిపోతే 'సాఫ్ట్‌వేర్ పోయిందండి, కొట్టాలి' అంటారే, ఆ మెకానిక్. ఆయన చేసేది టీవీ బోర్డు మీది ఎనిమిది కాళ్ల చిప్పుకు క్లిప్ పట్టించి, ప్రోగ్రామర్‌తో కొత్త ఫైలు రాయడం. చిప్ లెవెల్ ల్యాప్‌టాప్ మెకానిక్‌లు 'బయోస్ కొట్టడం' అనేదీ అదే. అదే క్లిప్, అదే సీహెచ్341ఏ ప్రోగ్రామర్, అదే జాతి చిప్పు. ఫైలు మాత్రం వేరు.

ఎక్స్230నే తీసుకుందాం. బ్యాటరీ, చార్జర్ తీసేసి, కీబోర్డు, అరచేయి ఆన్చే పలక విప్పితే పక్కపక్కన రెండు చిప్పులు. ఒకటి నాలుగు మెగాబైట్లది, ఒకటి ఎనిమిది. బయోస్ అసలు భాగం చిన్నదానిలో, మేనేజ్‌మెంట్ ఇంజిన్ పెద్దదానిలో. చిప్పు మూల చిన్న చుక్క ఉంటుంది, అది ఒకటో కాలు. క్లిప్ ఎర్ర తీగ అటే రావాలి. ఉప్పుగాలి తగిలే అంతర్వేది, నరసాపురం వైపు నుంచి వచ్చిన మిషన్ అయితే కాళ్ల మీద పాచి రంగు పట్టి క్లిప్ అంటుకోదు. ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)తో బ్రష్ కొడితే మెరుస్తాయి. ముందు రాయకూడదు, చదవాలి. ఒక్కసారి కాదు, రెండుసార్లు చదివి రెండు ఫైళ్లూ అక్షరం పొల్లుపోకుండా ఒకటేనని పోల్చాలి. తేడా వస్తే క్లిప్ సరిగా పట్టలేదని అర్థం. ఆ పాత ఫైలు రెండు పెన్‌డ్రైవుల్లో దాచాలి. ఏం చెడినా దాన్నే తిరిగి రాసి మిషన్‌ను లేపొచ్చు.

మెకానిక్‌కు మీరు చెప్పాల్సినవి రెండున్నాయి. సీహెచ్341ఏ నల్లబోర్డుల్లో చాలావరకు 3.3 వోల్టుల చిప్పుకు సిగ్నల్ తీగల మీద ఐదు వోల్టులు పంపుతాయి. టీవీలకు అలవాటుగా వాడేస్తుంటారు, చిప్పు ఓర్చుకున్నన్నాళ్లు ఓర్చుకుంటుంది. కొన్ని వందలు పెట్టి రాస్ప్‌బెర్రీ పై పికో కొని దాన్నే ప్రోగ్రామర్‌గా మార్చుకుంటే ఆ బెడద లేదు. రెండోది, లిబ్రెబూట్ ఫైలు దించుకోగానే నేరుగా రాసేయకూడదు. పంపిణీ హక్కులు లేనందువల్ల కంపెనీ రాసిన కోడ్ ముక్కలు కొన్ని అందులో ఉండవు, వాటిని వాళ్లిచ్చిన పనిముట్టుతో మీరే కలుపుకోవాలి. ఈథర్‌నెట్ మ్యాక్ నంబరు కూడా మీ పాతదే వేసుకోవాలి. లేకపోతే ఒకే ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు వేసుకున్న మిషన్లకు ఒకటే నంబరు పడి రూటరు తికమకపడుతుంది.

బ్యాటరీ సంగతి ముందే తేల్చుకోండి. ఎక్స్230 బయటి కంపెనీల బ్యాటరీని ఒప్పుకోదు. ఆ కాపలా బయోస్‌ది కాదు, ఎంబెడెడ్ కంట్రోలర్ అనే మరో చిప్పుది. కోర్‌బూట్ దాని జోలికి వెళ్లదు. దానికి మార్పు చేయాలంటే కంపెనీ బయోస్ ఉండగానే చేసుకోవాలి.

ఇక ఎవరికి వద్దో కూడా చెప్పాలి. పుస్తకాల అచ్చుకు పేరుపడిన ఊరు రాజమండ్రి. ఇప్పటికీ ఎన్నో డీటీపీ సెంటర్లు అను స్క్రిప్ట్ మేనేజర్ మీద, పేజ్‌మేకర్ మీద నడుస్తున్నాయి. అవి విండోస్ ప్రోగ్రాంలు. లిబ్రెబూట్ వాళ్లు చూసుకునేది లినక్స్, బీఎస్‌డీలనే. మీ పొట్ట గడిచేది అను ఫాంట్ల మీదైతే ఆ మిషన్‌ను ముట్టుకోవద్దు, ఇంకోటి తెచ్చుకుని ప్రయోగం చేయండి.

షాపుకు బయల్దేరే ముందు వాట్సాప్‌లో అడుగు స్టిక్కరు ఫోటో అడగండి. టీ440కీ టీ440పికీ మధ్య ఒక్క అక్షరమే తేడా, ఫోన్‌లో చెబితే రెండూ ఒకటే వినిపిస్తాయి. ఫోటోలోని నంబరును కోర్‌బూట్, లిబ్రెబూట్ జాబితాలతో పోల్చుకోండి. షాపులో ఒకసారి బయోస్‌లోకి వెళ్లి చూపించమనండి. సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అడిగినా, దొంగతనం జరిగితే మిషన్ జాడ పట్టే కంప్యూట్రేస్ ఆన్‌లో ఉన్నా ఆ మిషన్ ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం చూపించమనాలి. బిల్లు ఇవ్వనంటే ధర ఎంత తక్కువైనా వదిలేయడమే. పక్క షాపులో ఇంకో టీ430 ఉంటుంది.